రిటర్న్ మీరే వేస్తారా, ఆడిటర్ చేత వేయిస్తారా?

ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ పైకి ఒకే పనిలా కనిపిస్తుంది గానీ అందులో రెండు పనులు కలిసి ఉన్నాయి. ఒకటి ఎత్తిరాత. ఆఫీసు ఇచ్చే ఫారం 16లో ఉన్న అంకెను పోర్టల్లో ఉన్న గడిలోకి చేర్చడం. రెండోది నిర్ణయం. చేతికొచ్చిన ఫలానా డబ్బు అసలు ఆదాయమా కాదా, ఆదాయమైతే ఏ పద్దు కిందికి వస్తుంది, ఏ సంవత్సరానికి చెందుతుంది, దానికి ఏ మినహాయింపు అడగొచ్చు అన్నవి తేల్చుకోవడం. మొదటి పనికి ఎవరి సాయమూ అక్కర్లేదు. రెండోది తగిలితే తెలిసినవాళ్లను అడక్కుండా అడుగు వేయకూడదు. కాబట్టి ఆడిటర్ దగ్గరికి వెళ్లాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు మీ జీతం అంకెలో దొరకదు. ఈ ఏడాది మీ ఇంట్లో డబ్బుకు సంబంధించి ఏం జరిగిందో చూస్తే దొరుకుతుంది.

మనవాళ్లు దీన్ని సరిగ్గా తలకిందులు చేస్తారు. జీతం తప్ప మరో రాబడి లేని టీచరు గారు ఏటా ఎవరికో డబ్బులిచ్చి రిటర్న్ వేయిస్తారు. ప్లాటు అమ్మి, అమెరికా కంపెనీ షేర్లు చేతికొచ్చి, పక్కన ఆప్షన్స్ ట్రేడింగ్ కూడా చేసే సాఫ్ట్‌వేర్ కుర్రాడేమో యూట్యూబ్ వీడియో పెట్టుకుని అరగంటలో తనే వేసేస్తాడు. ఇద్దరూ చోట్లు మార్చుకుంటే ఇద్దరికీ మంచిది.

1961 నాటి ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అయినా 2025-26లో సంపాదించినదానికి రిటర్న్ పాత చట్టం ప్రకారమే వేయాలి. అందుకే ఈ అధ్యాయంలో సెక్షన్ల నంబర్లన్నీ పాతవే వాడుతున్నాను.

ఎవరికీ డబ్బులివ్వక్కర్లేని వాళ్లు

ఒకప్పుడు జీతగాళ్లు ఆడిటర్ దగ్గరికి వెళ్లింది 80సీ కింద ఏం చూపించాలి, ఇంటి అద్దె ఎంత చూపించాలి అన్న లెక్కల కోసం. 2023-24 నుంచి కొత్త పన్ను విధానం డిఫాల్ట్ అయింది. అందులో ఎల్ఐసీ ప్రీమియం, పీపీఎఫ్, అద్దె భత్యం వంటివేవీ చెల్లవు. జీతం మీద 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ దానంతటదే వస్తుంది. అడగడానికి ఏమీ లేనప్పుడు ఎలా అడగాలో చెప్పేవాళ్ల అవసరమూ తగ్గింది. పాత విధానమే లాభం అనుకునేవాళ్లు, అంటే ఇంటి లోన్ వడ్డీ, హెచ్ఆర్ఏ రెండూ గట్టిగా ఉన్నవాళ్లు, పోర్టల్లోనే ఉన్న కాలిక్యులేటర్‌లో రెండు విధాలుగానూ వేసి చూసుకోవచ్చు. వ్యాపార ఆదాయం లేని జీతగాళ్లు ఏ ఏడాదికా ఏడాది ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు.

12 లక్షల దాకా పన్ను లేదు అన్న మాట మాత్రం చాలామందిని తప్పుదారి పట్టిస్తోంది. అది 87ఏ రిబేటు. ఆదాయం 4 లక్షలు దాటితే కట్టాల్సిన పన్ను సున్నా అయినా రిటర్న్ వేయాల్సిందే. పైగా ఆ రిబేటు అన్ని ఆదాయాలకూ వర్తించదు. జీతం 9 లక్షలే ఉన్నా, షేర్లు ఏడాదిలోపు అమ్మి 50,000 లాభం తెచ్చుకుంటే ఆ లాభం మీద 20 శాతం పన్ను కట్టాల్సిందే.

ఇక ఎత్తిరాత ఎంత తేలికో చూడాలంటే, నరసరావుపేటలో రిటైరైన ఒక హెడ్మాస్టర్ గారిని ఊహించుకుందాం. పెన్షన్, రెండు బ్యాంకుల్లో డిపాజిట్లు, ఒక సేవింగ్స్ ఖాతా. అంతే. ఆయన పాన్‌తో పోర్టల్లో లాగిన్ అయ్యాక రిటర్న్ జోలికి పోకుండా ముందు ఏఐఎస్ తెరవాలి. 2021 నవంబరులో వచ్చిన ఈ వార్షిక సమాచార పత్రంలో, ఆయన పాన్ మీద బ్యాంకులు, మ్యూచువల్ ఫండ్లు, రిజిస్ట్రేషన్ ఆఫీసు ఆ ఏడాది పంపిన వివరాలన్నీ ఉంటాయి. అందులో ఆయనకు మొదటి బ్యాంకు డిపాజిట్ వడ్డీ రెండుసార్లు కనిపించొచ్చు. టీడీఎస్ పట్టినప్పుడు బ్యాంకు చెప్పింది ఒకటి, ఏడాది చివర వడ్డీల జాబితాలో పంపింది ఇంకొకటి. కంగారు పడి రెండూ కలిపి చూపించక్కర్లేదు. పాస్‌బుక్కో, బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్టో పక్కన పెట్టుకుని, రెండోది మొదటిదాంట్లోనే ఉందని అక్కడే ఫీడ్‌బ్యాక్ ఇచ్చే వీలుంది. రెండో బ్యాంకులో ఆయన టీడీఎస్ పట్టొద్దని 15హెచ్ ఫారం ఇచ్చారు, కాబట్టి టీడీఎస్ పట్టలేదు. పట్టలేదు గనక చూపించక్కర్లేదు అనుకుంటే పొరపాటు. ఆ వడ్డీ కూడా ఆదాయమే. సేవింగ్స్ ఖాతా వడ్డీ చిన్నదని వదిలేయకూడదు. ఈ మూడూ సరిచూసుకున్నాక ఐటీఆర్-1 తెరిస్తే చాలా గడులు అప్పటికే నిండి ఉంటాయి. చివర ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయాలి. సబ్మిట్ కొట్టి వదిలేసి, 30 రోజుల్లో వెరిఫై చేయకపోతే వేసిన రిటర్న్ వేసినట్టు కాదు. ఇంటర్నెట్ సెంటర్లో వేయించుకునేవాళ్లకు తరచూ తప్పిపోయేది ఈ ఆఖరి మెట్టే.

ఆయనకు 75 ఏళ్లు నిండి, పెన్షనూ వడ్డీ ఒకే బ్యాంకు నుంచి వస్తుంటే, 194పీ కింద బ్యాంకుకు డిక్లరేషన్ ఇస్తే సరిపోతుంది. పన్ను లెక్క బ్యాంకే చూసుకుంటుంది, రిటర్నే అక్కర్లేదు. ఈ సంగతి తెలియక ఎనభై ఏళ్ల పెద్దవాళ్లను ఆటో ఎక్కించి ఆడిటర్ ఆఫీసుకు తీసుకెళ్లే పిల్లలున్నారు.

ప్రభుత్వ ఉద్యోగులకు ఒక్క చిక్కు చెప్పాలి. పీఆర్సీ, డీఏ బకాయిలు ఒకేసారి చేతికొచ్చిన ఏడాది ఆదాయం ఉబ్బిపోయి పై శ్లాబులో పడుతుంది. ఆ బకాయిలు ఏ ఏడాదికి చెందినవో ఆ ఏడాదికి పంచి చూపి, అదనపు పన్ను తగ్గించుకోవడానికి 89(1) ఉంది. ఫిబ్రవరి జీతం బిల్లుతో ఐటీ స్టేట్‌మెంట్ ఇచ్చేటప్పుడు ఎక్సెల్ షీట్లో దానికి సంబంధించిన 10ఈ ఫారం తీసి డీడీవోకు ఇవ్వడం మన టీచర్లందరికీ అలవాటే. కానీ ఆ 10ఈని పోర్టల్లో విడిగా, రిటర్న్‌కు ముందే దాఖలు చేయాలి. అలా చేయకుండా రిటర్న్‌లో రిలీఫ్ చూపిస్తే కొన్నాళ్లకు 143(1) కింద ఆ రిలీఫ్ కొట్టేసి డిమాండ్ వస్తుంది. ఇదంతా ఒక సాయంత్రం కూర్చుంటే అయ్యే పని. ఎవరి సాయమైనా కావాలంటే ఇదివరకు చేసిన సహోద్యోగి చాలు.

ప్లాటు అమ్మిన ఏడాది

ఇప్పుడు నిర్ణయాల దగ్గరికొద్దాం. మన రెండు రాష్ట్రాల్లో మామూలు కుటుంబానికి జీవితంలో ఒకటి రెండుసార్లు తగిలే పెద్ద పన్ను లెక్క స్థలం అమ్మకం.

2012-13లో 20 లక్షలకు కొన్న ప్లాటును 2025-26లో 40 లక్షలకు అమ్మారనుకోండి. 2024 జూలై 23కు ముందు కొన్న స్థలాలకు, ఇక్కడ నివసించేవాళ్లకు, రెండు లెక్కల్లో తక్కువైనదే కట్టే వీలుంది. ఉన్న లాభం మీద 12.5 శాతం చొప్పున వేస్తే 20 లక్షల మీద రెండున్నర లక్షలు. ధరల సూచీతో కొన్న ధరను పెంచుకుని 20 శాతం చొప్పున వేస్తే, 2012-13 సూచీ 200, 2025-26 సూచీ 376 గనక, కొన్న ధర 37 లక్షల 60 వేలు అవుతుంది. లాభం 2 లక్షల 40 వేలు, పన్ను 48 వేలు. సెస్సు పక్కన పెడితే తేడా రెండు లక్షల పైనే. అదే 2010-11లో 6 లక్షలకు కొని 40 లక్షలకు అమ్మితే లెక్క తిరగబడుతుంది. అప్పుడు 12.5 శాతమే తక్కువ.

ఈ లెక్క కష్టమేం కాదు, ఎవరైనా వేసుకోవచ్చు. ఆడిటర్ అవసరం వచ్చేది దీని తరవాత. వచ్చిన డబ్బుతో ఇల్లు కొనే ఆలోచన ఉంటే 54ఎఫ్ కింద పన్ను తప్పుతుంది. అయితే లాభం ఒక్కటే పెడితే చాలదు, అమ్మకంలో వచ్చిన మొత్తం పెట్టాలి. రెండేళ్లలో కొనాలి, లేదా మూడేళ్లలో కట్టాలి. అమ్మిన నాటికి మీ పేరున ఒకటికి మించి ఇళ్లుండకూడదు. రిటర్న్ గడువులోపు ఖర్చు కాని డబ్బును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి, మామూలు ఎఫ్‌డీలో వేస్తే చెల్లదు. హైదరాబాద్ శివార్లలో ప్రీ-లాంచ్ ఆఫర్ అని డబ్బు కట్టి, ఆ టవర్ మూడేళ్లలో లేవకపోతే ఏమవుతుందో ముందే ఆలోచించుకోవాలి.

తండ్రి నుంచి వచ్చిన స్థలమైతే కొన్న ధర ఆయనదే తీసుకోవాలి. ఆయన 2001 ఏప్రిల్ 1కి ముందు కొని ఉంటే ఆ తేదీ నాటి విలువ తీసుకోవచ్చు. దాన్ని నిలబెట్టే కాగితం కావాలి. అమ్మింది పొలమైతే అది పన్నుకు దొరుకుతుందా అన్నది దగ్గరి మున్సిపాలిటీ జనాభాను బట్టి, ఆ హద్దు నుంచి 2, 6, 8 కిలోమీటర్ల దూరాలను బట్టి తేలుతుంది. ఆ దూరాన్ని రోడ్డు మీద కొలవరు, గాలిలో గీత గీసినట్టు కొలుస్తారు.

దస్తావేజులో ప్రభుత్వ విలువ రాసి మిగతాది నగదుగా పుచ్చుకోవడం మన దగ్గర ఎంత మామూలో చెప్పక్కర్లేదు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే, తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా వేసే వీలు చట్టంలో ఉంది. కొనేవాడు ఎప్పుడో ఒక సోదాలో దొరికితే, అతని డైరీలో మీ పేరుంటుంది.

వీటిలో ఒక్కటి కూడా జూలైలో ఆడిటర్ సరిదిద్దగలిగేది కాదు. ఏ నెలలో రిజిస్ట్రేషన్ పెట్టుకోవాలి, డబ్బు ఏ రూపంలో తీసుకోవాలి, ఎవరి పేరున కొనాలి అన్నవి బేరం కుదిరిన రోజున అడగాల్సిన ప్రశ్నలు. ఆడిటర్‌కు ఇచ్చే ఫీజుకు పూర్తి విలువ దక్కేది అప్పుడే. అమ్మకం అయిపోయాక ఆయన చేయగలిగింది మళ్లీ ఎత్తిరాతే.

ప్లాటు హైదరాబాద్‌లో, యజమాని డాలస్‌లో ఉంటే ఇది ఇంకా నిజం. అమ్మేవారు ఎన్ఆర్ఐ అయితే కొనేవాడు పట్టాల్సింది 1 శాతం టీడీఎస్ కాదు. 195 కింద అంతకు ఎన్నో రెట్లు పట్టాలి. తక్కువ పట్టేలా డిపార్ట్‌మెంట్ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు గానీ, అది రిజిస్ట్రేషన్‌కు ముందే రావాలి. అమెరికాలో ఉండేవాళ్లకు అక్కడి రిటర్న్ వేరే. ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, అక్కడ ఉంది. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే అక్కడ ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక దాఖలు చేయాలి. ఇక్కడి ఆడిటర్‌కు అక్కడి సంగతి, అక్కడి సీపీఏకు ఇక్కడి సంగతి తెలియకపోవడమే వీళ్లందరి బాధ. రెండు వైపులా చూసేవాళ్లు దొరికితే ఫీజు ఎక్కువైనా వదులుకోవద్దు.

విదేశీ షేర్లు, ఆప్షన్లు

గచ్చిబౌలి, మాదాపూర్‌లలో పనిచేసే వేలమందికి జీతంతో పాటు అమెరికా మాతృ సంస్థ షేర్లు, అంటే ఆర్‌ఎస్‌యూలు వస్తాయి. అవి చేతికొచ్చిన రోజు విలువ జీతంలో కలిసి ఫారం 16లోకి వచ్చేస్తుంది, దాని మీద పన్ను కట్టేశారు. కాబట్టి అంతా అయిపోయిందనుకుని ఐటీఆర్-1 వేసేస్తారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. విదేశీ ఆస్తి ఒక్క షేరు ఉన్నా ఐటీఆర్-1 చెల్లదు. ఐటీఆర్-2లో షెడ్యూల్ ఎఫ్ఏ నింపాలి. మన పన్ను లెక్కంతా ఏప్రిల్ నుంచి మార్చి దాకా అయితే, ఆ షెడ్యూలు మాత్రం జనవరి నుంచి డిసెంబరు దాకా లెక్క అడుగుతుంది. డివిడెండ్ వస్తే అమెరికాలో 25 శాతం పట్టుకునే ఇస్తారు. ఆ పన్నును ఇక్కడ తగ్గించుకోవాలంటే ఫారం 67 వేయాలి. అమ్మితే అది లాభమే, విదేశీ షేర్లకు దీర్ఘకాలం అంటే రెండేళ్లు.

విదేశీ ఆస్తి చూపకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా. స్థిరాస్తి కాకుండా మిగతావి కలిపి 20 లక్షలు దాటకపోతే 2024 అక్టోబరు నుంచి ఆ జరిమానాకు సడలింపు ఇచ్చారు. అంతమాత్రాన చూపించక్కర్లేదని కాదు. అక్కడి ఖాతాల వివరాలు ఒప్పందాల కింద మన డిపార్ట్‌మెంట్‌కు వస్తూనే ఉన్నాయి. 2024 నవంబరులో అలాంటి వాళ్లకు మెసేజ్‌లు, మెయిళ్లు పంపి రిటర్న్ సవరించుకోమని చెప్పింది కూడా. నా మాటేమిటంటే, మొదటిసారి ఆర్‌ఎస్‌యూ వచ్చిన ఏడాది, అదీ షెడ్యూల్ ఎఫ్ఏ ఏటా నింపిన అనుభవం ఉన్నవాళ్ల చేతే వేయించండి. మరుసటి ఏడాది ఆ కాపీ ముందు పెట్టుకుని మీరే వేసుకోవచ్చు. లెక్క అదే, అంకెలు మారతాయి.

ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ చేసేవాళ్ల సంగతి క్లుప్తంగా చెప్తాను. అది చట్టం దృష్టిలో వ్యాపారం, ఐటీఆర్-3. నష్టమొస్తే చూపించడమెందుకని చాలామంది దాచేస్తారు. గడువులోపు చూపిస్తే ఆ నష్టం ఎనిమిదేళ్లదాకా వ్యాపార లాభాలకు ఎదురు పెట్టుకోవచ్చు. గడువు దాటితే ఆ హక్కు పోతుంది. దీనికి ఆడిటర్ కావాల్సిందే, వాదన అక్కర్లేదు.

రిఫండ్ తెప్పిస్తానన్నవాడు

సాయం కావాలని తేలాక, ఎవరి సాయం అన్నది ఇంకో ప్రశ్న. ఆఫీసుల చుట్టూ, క్యాంటీన్ల దగ్గర ఒక రకం మనిషి తిరుగుతుంటాడు. "మీ వాళ్లందరికీ నేనే తెప్పించానండీ, వచ్చిన రిఫండ్‌లో పర్సెంటేజీ ఇస్తే చాలు" అంటాడు. మీ చేతిలో ఏ కాగితమూ లేకుండానే మీరు ఓ రాజకీయ పార్టీకి విరాళం ఇచ్చినట్టు, లేని ఎడ్యుకేషన్ లోన్‌కు వడ్డీ కట్టినట్టు, ఇంట్లో ఎవరికో పెద్ద జబ్బు చేసినట్టు రాసేస్తాడు. రిఫండ్ వస్తుంది. వచ్చాక అతని ఫోను కలవదు.

2025 జూలై 14న ఇన్‌కమ్ ట్యాక్స్ డిపార్ట్‌మెంట్ ఇలాంటి దొంగ మినహాయింపుల మీదే దేశంలో చాలాచోట్ల ఒకేసారి తనిఖీలు చేసింది. అంతకు ముందు నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది తమంతట తామే రిటర్న్‌లు దిద్దుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని కూడా అప్పుడే ప్రకటించింది. రిటర్న్ ఎవరు టైపు చేసినా కింద సంతకం మీది, ఓటీపీ మీది. తప్పుడు వివరం ఇచ్చినందుకు ఎగ్గొట్టిన పన్నుకు రెండింతల దాకా జరిమానా పడేది కూడా మీకే. "మా కన్సల్టెంటు రాశాడండీ, నాకు తెలియదు" అన్న మాట అక్కడ చెల్లదు.

పర్సెంటేజీ అడిగాడంటేనే లేచి వచ్చేయొచ్చు. చార్టర్డ్ అకౌంటెంట్లకు వాళ్ల వృత్తి నియమాల ప్రకారం ఇలా ఫలితాన్ని బట్టి ఫీజు తీసుకోవడం కుదరదు. అలా అడిగేవాడు సీఏ కాడు, సీఏనే అయితే నియమం తప్పినవాడు. సభ్యుడో కాదో సీఏల సంస్థ ఐసీఏఐ వెబ్‌సైట్లో చూసుకోవచ్చు. సీఏలు కాని ట్యాక్స్ ప్రాక్టీషనర్లలో నమ్మకంగా పనిచేసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లను అడగాల్సింది డిగ్రీ గురించి కాదు, మీలాంటి కేసు ఇదివరకు ఎన్నిసార్లు చూశారన్నది.

పని అప్పజెప్పేటప్పుడు

ఎవరికిచ్చినా, పోర్టల్లో ప్రొఫైల్ తెరిచి ఈమెయిలు, మొబైల్ నంబరు ఎవరివి ఉన్నాయో చూడండి. చాలామందివి తెరిస్తే ఏనాడో రిటర్న్ వేసిన కన్సల్టెంటు మెయిలే కనిపిస్తుంది. ఇప్పుడు నోటీసులన్నీ మెయిల్‌కే వస్తాయి. రిటర్న్‌లో లోపం ఉందని 139(9) కింద నోటీసు వస్తే సరిదిద్దుకోవడానికి 15 రోజులే ఉంటాయి. అది మీ ఇన్‌బాక్సుకు రాకపోతే, పోర్టల్ తెరిచి చూస్తే తప్ప మీకు తెలిసే దారి లేదు. ఆ రెండూ మీవి పెట్టి, పాస్‌వర్డ్ మార్చండి. ఆడిటర్‌కు పాస్‌వర్డ్ చెప్పక్కర్లేకుండా ఆయన్ను మీ తరఫున చేర్చుకునే సౌకర్యం పోర్టల్లోనే ఉంది. ఆయన అలవాటు కొద్దీ పాస్‌వర్డే అడిగితే, ఇచ్చి పని అయ్యాక మళ్లీ మార్చండి, మొహమాటం వద్దు.

జీతగాళ్లకు గడువు సాధారణంగా జూలై 31. దాటితే 5,000 ఆలస్య రుసుము, మొత్తం ఆదాయం 5 లక్షల లోపైతే 1,000. జూలై చివరి వారంలో ఏ ఆడిటర్ దగ్గరికి వెళ్లినా మీ కాగితాలు చూసేది ఆయన దగ్గర కొత్తగా చేరిన కుర్రాడే, ఎత్తిరాతే జరుగుతుంది. జూన్ రెండో వారానికి, ఫారం 16 రాగానే వెళితే ఆయనే కూర్చుని చూస్తారు. వెళ్లేటప్పుడు ఏఐఎస్ మీరే దింపుకుని, అర్థం కానివాటి పక్కన పెన్సిలుతో గీత పెట్టుకుని వెళ్లండి. మొత్తం రిటర్న్ ఆయన చేత వేయించుకోవాలని కూడా లేదు. "రిటర్న్ నేనే వేసుకుంటానండీ, ఈ రెండు సంగతులు చెప్పండి, మీ టైముకు ఫీజిస్తాను" అంటే ఒప్పుకునేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు.

ఆయన వేసిన రిటర్న్‌కు ఓటీపీ చెప్పేముందు డ్రాఫ్ట్ పంపమనండి. మూడు చోట్లు చూస్తే చాలు. మొత్తం ఆదాయం ఏఐఎస్‌కు దగ్గరగా ఉందా, టీడీఎస్ పోర్టల్లో ఉండే ఫారం 26ఏఎస్‌తో సరిపోయిందా, మీరు చెప్పని మినహాయింపు ఏదైనా ఉందా. తరవాత లెక్క కాగితం, ఫైల్ చేసిన ఫారం పూర్తి కాపీ, అక్నాలెడ్జ్‌మెంట్ మూడూ మెయిల్ చేయించుకోండి. ఒట్టి అక్నాలెడ్జ్‌మెంట్ ఒక్కటే చేతిలో పెడితే ఒప్పుకోవద్దు. అందులో మొత్తాలు తప్ప ఏ ఆదాయాన్ని ఏ పద్దు కింద చూపారో ఉండదు.